యాసంగి బంగాళాదుంపలో ఆలస్యపు తవ్వకం: దక్కను పీఠభూమిలో తవ్వే తేదీని నిర్ణయించే అంశాలు

బంగాళాదుంప సాగులో తవ్వకం చివరి పని. విత్తనం, ఎరువులు, నీటి తడులు, సస్యరక్షణ మొదలైన వాటిపై విస్తరణ సిబ్బంది చూపే శ్రద్ధ ఈ చివరి పనిపై అంతగా కనిపించదు. పైమొక్క పండిన తరువాత దుంప భూమిలో ఎన్నాళ్ళున్నా చెడదనీ, ధర వచ్చినప్పుడు తవ్వుకోవచ్చుననీ అనేక మంది రైతులు భావిస్తారు. చల్లని దేశాలలో ఈ భావనకు కొంత ఆధారం ఉంది. దక్కను పీఠభూమిలో మాత్రం ఫిబ్రవరి నడిమి నుండి నేల వేడెక్కుతుంది. అప్పటి నుండి దుంప బరువులో కలిగే లాభం తగ్గుతూ, నాణ్యతలో కలిగే నష్టం పెరుగుతూ పోతుంది. ఈ రెండింటి తూకం ఏ దశలో రైతుకు ప్రతికూలంగా మారుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పంట ప్రాంతం, మార్కెట్

తెలంగాణలో ఆలుగడ్డ అనే పేరుతో వ్యవహరించే ఈ పంట సాగు ప్రధానంగా సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ పరిసరాలలో కేంద్రీకృతమై ఉంది. సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తు, నీరు నిలవని ఎర్రని లాటరైట్ నేలలు, శీతాకాలపు చల్లని రాత్రులు ఈ ప్రాంతానికి ఉన్న అనుకూలతలు. రాష్ట్రంలో అతి తక్కువ రాత్రి ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో కోహీర్ తరచుగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లా పడమటి మండలాల పీఠభూమి కూడా ఈ పంటకు పేరొందినదే.

జహీరాబాద్ నుండి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే సరుకుకు సికింద్రాబాద్‌లో తిరుమలగిరికి సమీపాన ఉన్న బోయిన్‌పల్లి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కూరగాయల మార్కెట్ ఒక ముఖ్య గమ్యం. అక్కడ స్థానిక పంట ఉత్తర భారతం నుండి వచ్చే దుంపతో పోటీ పడవలసి ఉంటుంది. ఆగ్రా, ఫరూఖాబాద్ వంటి ప్రాంతాలలో ప్రధాన పంట తవ్వకం ఫిబ్రవరి, మార్చి నెలలలో సాగుతుంది. ఆ సరుకులో కొంత శీతల గిడ్డంగులకు చేరితే, మిగిలినది నేరుగా మార్కెట్లకు వస్తుంది. అందువలన ఫిబ్రవరి చివరలో మంచి ధర వస్తుందని వేచి ఉండే దక్కను రైతు సాధారణంగా సరుకు సమృద్ధిగా ఉండే రోజులనే ఎంచుకున్నట్లవుతుంది. ఆలస్యం మార్కెట్ దృష్ట్యా కూడా అంత సురక్షితం కాదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

మార్కెట్‌లో బస్తా విప్పినప్పుడు కనిపించే లోపాలలో అధిక భాగం పొలంలో పుట్టినవే. ఊడిన తోలు, పచ్చబారిన భాగాలు, పురుగు సొరంగాలు, తడిగా కారుతున్న కుళ్ళు, కోసి చూస్తే తప్ప తెలియని లోపలి నలుపు ఇందుకు ఉదాహరణలు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాల నుండి విద్యుత్తును ఉత్పత్తి చేసే బయోగ్యాస్ ప్లాంటు పనిచేస్తున్నది. దీని సాంకేతికతను హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించింది. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుండి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు లభిస్తుందని 2021 జనవరి నాటి వివరాలు తెలుపుతున్నాయి. వ్యర్థాన్ని వినియోగంలోకి తెచ్చే ప్రయత్నం అభినందనీయమే. అయితే ఆ వ్యర్థంలో చేరే ప్రతి దుంప వెనుక రైతు విత్తనం, నీరు, కూలీ, రవాణా ఖర్చు ఉన్నాయి.

ఉష్ణోగ్రత, దుంప పెరుగుదల

బంగాళాదుంపలో దుంప ఏర్పడడానికి, ఊరడానికి 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత మిక్కిలి అనుకూలం. ఇందులో పగటి ఉష్ణోగ్రత కంటే రాత్రి ఉష్ణోగ్రత పాత్ర ఎక్కువ. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే దుంప ఏర్పడడం బాగా తగ్గుతుంది. సగటు ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరువైతే దుంప పెరుగుదల దాదాపు నిలిచిపోతుంది.

సికింద్రాబాద్‌కు ఆనుకొని ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రపు దీర్ఘకాలిక సగటుల ప్రకారం జనవరిలో గరిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 29, కనిష్ఠం సుమారు 15 డిగ్రీలు. ఫిబ్రవరిలో అవి సుమారు 32, 17 డిగ్రీలకు, మార్చిలో సుమారు 35, 20 డిగ్రీలకు పెరుగుతాయి. జహీరాబాద్ పీఠభూమిలో రాత్రులు ఇంతకంటే కొంత చల్లగా ఉన్నా, నెలల మధ్య మార్పు దిశ ఒకటే. జనవరి నుండి మార్చికి గరిష్ఠం, కనిష్ఠం రెండూ 5 డిగ్రీలకు పైగా పెరుగుతాయి.

ఈ మార్పు దుంప బరువుపై రెండు విధాలుగా ప్రభావం చూపుతుంది. మొదటిది, ఆకులు తయారుచేసిన పిండిపదార్థంలో దుంపకు చేరే వాటా తగ్గి, కాండం, ఆకుల పెరుగుదలకు, శ్వాసక్రియకు ఖర్చయ్యే వాటా పెరుగుతుంది. రెండవది, భూమిలోని దుంప స్వయంగా శ్వాసిస్తూ తన నిల్వను ఖర్చు చేసుకుంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ శ్వాసక్రియ వేగం సుమారు రెట్టింపవుతుంది. ఆకులు పచ్చగా ఉండి వాతావరణం చల్లగా ఉన్న జనవరిలో పంటను 10 రోజులు అదనంగా ఉంచితే దిగుబడి గణనీయంగా పెరుగుతుంది. ఆకులు పండి నేల వేడెక్కిన తరువాత అదే 10 రోజులలో పెరుగుదల స్వల్పం. పైమొక్క పూర్తిగా ఎండిన తరువాత పెరుగుదల ఉండదు, తరుగుదల మాత్రమే ఉంటుంది.

కొందరు రైతులు చివరి దశలో వేడిని తగ్గించే ఉద్దేశంతో తడి ఇస్తారు. ఎండకు పెరుగుదల ఆగిన దుంపలు ఆ తడితో మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. ఫలితంగా దుంపపై బుడిపెలు, పిల్ల దుంపలు, పగుళ్ళు ఏర్పడతాయి. ఒక్కొక్కప్పుడు భూమిలోనే మొలకలు వస్తాయి. తూకం కొంత పెరిగినా ఇటువంటి సరుకు గ్రేడు పడిపోతుంది.

ఆలస్యం వలన పెరిగే తెగుళ్ళు, పురుగులు, లోపాలు

మసికుళ్ళు తెగులు: మాక్రోఫోమినా ఫేసియోలినా అనే శిలీంద్రం వలన కలిగే ఈ తెగులు వేడి నేలల తెగులు. నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటితే ఉద్ధృతి పెరుగుతుంది. దుంప కళ్ళు, శ్వాస రంధ్రాల చుట్టూ నల్లని మచ్చలుగా మొదలై లోపలికి వ్యాపిస్తుంది. తవ్వేటప్పుడు బాగున్నట్లు కనిపించిన దుంప నిల్వలో చెడిపోవడానికి ఇది ఒక కారణం. నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటక ముందే తవ్వకం ముగించడం ఈ తెగులు నివారణలో అతి ముఖ్యమైన చర్య.

మెత్తకుళ్ళు: బాక్టీరియా వలన కలిగే ఈ కుళ్ళు తడి, వేడి, గాయం అనే మూడు పరిస్థితులు కలిసినప్పుడు వేగంగా వ్యాపిస్తుంది. చివరి తడిని ఆలస్యంగా ఇచ్చి, వేడిలో తవ్వి, తోలు ఊడిన దుంపలను బస్తాలలో నింపితే ఈ మూడూ ఒకేచోట సమకూరుతాయి.

దుంప తొలుచు పురుగు: థోరిమియా ఒపర్కులెల్లా అనే చిన్న రెక్కల పురుగు పీఠభూమి ప్రాంతాల బంగాళాదుంపకు ప్రధాన శత్రువు. పైమొక్క పచ్చగా ఉన్నంత కాలం లార్వాలు ఆకులను, కాడలను తొలుస్తాయి. పైమొక్క ఎండగానే నేల పగుళ్ళ గుండా దుంపలను చేరతాయి. మట్టి పైకి తేలిన దుంపల కళ్ళ వద్ద తల్లి పురుగు నేరుగా గుడ్లు పెడుతుంది. వేడి పెరిగిన కొద్దీ పురుగు జీవితచక్రం కుదించుకుపోయి తరాల సంఖ్య పెరుగుతుంది. ఎండిన మొక్కల కింద దుంపను రోజుల తరబడి ఉంచడమంటే పురుగుకు మేతను అందుబాటులో ఉంచడమే.

పచ్చబారడం: బోదె మట్టి జారి వెలుగు తగిలిన దుంపలలో పత్రహరితంతో పాటు సొలనిన్ వంటి గ్లైకో ఆల్కలాయిడ్లు పెరుగుతాయి. తాజా దుంపలో వీటి పరిమాణం 100 గ్రాములకు 20 మిల్లీగ్రాములు మించితే ఆహారానికి యోగ్యం కాదని సాధారణంగా అంగీకరించిన పరిమితి.

లోపలి నలుపు: అధిక వేడిలో దుంప శ్వాసక్రియ పెరిగి ప్రాణవాయువు అవసరం ఎక్కువవుతుంది. గాలి ఆడని నేలలో గాని, టార్పాలిన్ బిగించిన లారీలో గాని అది అందనప్పుడు దుంప మధ్య కణజాలం చనిపోయి నల్లబడుతుంది. పైకి ఏ గుర్తూ కనిపించనందున ఈ లోపం వలన కొనుగోలుదారుకు సరుకుపై నమ్మకం పోతుంది.

చల్లని దేశాల సూచనలు, దక్కను పరిస్థితులు

పాఠ్యపుస్తకాలలోని తవ్వకపు సూచనలు చాలా వరకు ఐరోపా, ఉత్తర అమెరికా పరిస్థితులకు సంబంధించినవి. అక్కడ సీజను చివర అంటే చలి రాక. మంచు పడి దుంప గడ్డకట్టడం, చల్లని దుంప దెబ్బ తగిలి లోపల నల్లబడడం అక్కడి ప్రమాదాలు. అందుకే దుంప లోపలి ఉష్ణోగ్రత సుమారు 7 నుండి 18 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు తవ్వాలని అమెరికాలోని ఐడహో వంటి రాష్ట్రాలలో సూచిస్తారు. పైమొక్కను తొలగించిన తరువాత 2, 3 వారాలు దుంపను భూమిలో ఉంచడం అక్కడ సాధారణం. చల్లని నేలే అక్కడ గిడ్డంగిగా పనిచేస్తుంది.

దక్కనులో సీజను చివర అంటే ఎండాకాలపు రాక. పైమొక్క కోసిన తరువాత తోలు గట్టిపడడానికి ఇక్కడ 10 నుండి 15 రోజులు సరిపోతాయి. అంతకు మించి ఉంచితే రక్షణ కంటే ప్రమాదమే ఎక్కువ. విద్యార్థులు విదేశీ సూచనలను పరిశీలించేటప్పుడు రోజుల సంఖ్యను కాక, ఆ సంఖ్యకు ఆధారమైన నేల ఉష్ణోగ్రతను గమనించడం అవసరం.

రకాల ఎంపిక విషయంలోనూ ఇటువంటి వివేచన కావాలి. కేంద్రీయ బంగాళాదుంప పరిశోధనా సంస్థ 2006లో విడుదలైన కుఫ్రి సూర్య రకాన్ని వేడిని తట్టుకొనే రకంగా రూపొందించింది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల వరకు ఉన్నా ఈ రకం దుంపలు వేయగలదు. పీఠభూమికి అనువైన కుఫ్రి లౌకర్ త్వరగా దుంప ఊరే పాత రకం. ఇవి వేడిలో దుంప వేసే గుణం గలవే గాని, వేడి నేలలో కుళ్ళును, పురుగును తట్టుకొనే రకాలని భావించరాదు. రకం మారినంత మాత్రాన తవ్వకాన్ని వాయిదా వేసే వెసులుబాటు లభించదు.

లాభనష్టాల లెక్క

రైతుకు ఈ విషయాన్ని తెలియజెప్పడానికి సరళమైన లెక్క ఉపకరిస్తుంది. కింది అంకెలు లెక్కించే పద్ధతిని చూపడానికి ఊహించినవి మాత్రమే. ఆయా పొలాల నుండి సేకరించిన అంకెలను వీటి స్థానంలో ఉంచుకోవాలి.

సకాలంలో తవ్విన పొలంలో హెక్టారుకు 20 టన్నుల దిగుబడి, అందులో 5 శాతం పనికిరాని దుంప అనుకుంటే అమ్మకానికి 19 టన్నులు మిగులుతుంది. 15 రోజులు ఆలస్యం చేసినందువలన దిగుబడి 21 టన్నులకు పెరిగి, పనికిరాని దుంప 15 శాతానికి చేరిందనుకుంటే అమ్మకానికి మిగిలేది 17.85 టన్నులు. తూకం ఒక టన్ను పెరిగినా అమ్మదగిన సరుకు 1.15 టన్నులు తగ్గింది. మొదటి రాబడితో సమానం కావాలంటే ధర 6.4 శాతం పెరగాలి. పనికిరాని దుంప 25 శాతానికి చేరితే మిగిలేది 15.75 టన్నులే గనుక ధర 20 శాతానికి పైగా పెరగాలి. అదనపు తడులు, ఏరివేత కూలీ ఈ లెక్కలో చేరలేదు. మిగిలిన సరుకు గ్రేడు తగ్గడం వలన కలిగే నష్టం కూడా చేరలేదు.

కనుక వేచి చూడదలచిన రైతు ధర పెరుగుతుందా అని మాత్రమే కాక, చెడిపోయే సరుకును భర్తీ చేసేటంతగా పెరుగుతుందా అని ఆలోచించాలి.

నాటే తేదీయే తవ్వే తేదీకి మూలం

ఆలస్యపు తవ్వకం చాలా సందర్భాలలో ఆలస్యంగా నాటడం నుండే మొదలవుతుంది. 90 రోజుల పంటను నవంబరు 1న నాటితే జనవరి 30 నాటికి, నవంబరు 20న నాటితే ఫిబ్రవరి 18 నాటికి, డిసెంబరు 5న నాటితే మార్చి 5 నాటికి కాలం పూర్తవుతుంది. మొదటి పంట దుంప ఊరే దశ అంతా చలిలో గడుస్తుంది. మూడవ పంటలో ఆ దశ ఫిబ్రవరి ఎండలో పడుతుంది. అప్పుడు రైతు ముందు మిగిలేవి రెండే మార్గాలు. లేత దుంపను తోలు ఊడుతుండగానే తవ్వడం ఒకటి, వేడి నేలలో ఉంచి కుళ్ళుకు, పురుగుకు అవకాశమివ్వడం రెండవది.

విత్తనం ఉత్తరాది నుండి, ముఖ్యంగా ఆగ్రా ప్రాంతం నుండి రావలసి ఉండడం, వానాకాలపు పంట ఆలస్యంగా ఖాళీ కావడం నాటడంలో జాప్యానికి సాధారణ కారణాలు. అక్టోబరు రెండవ పక్షం నుండి నవంబరు నడిమి లోపు నాటే విధంగా విత్తనాన్ని ముందుగా సమకూర్చుకోవడం తవ్వకపు సమస్యకు మొదటి పరిష్కారం.

తవ్వకానికి ముందు, తవ్వేటప్పుడు పాటించవలసిన క్రమం

పంట కాలం పూర్తి కావడానికి మూడు వారాల ముందు నుండి మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో 10 సెంటీమీటర్ల లోతున నేల ఉష్ణోగ్రతను నమోదు చేయాలి. 25 డిగ్రీలు దాటినప్పటి నుండి తవ్వకానికి సిద్ధం కావాలి. 28 డిగ్రీలను చివరి హద్దుగా పరిగణించాలి.

తవ్వకానికి 10 నుండి 12 రోజుల ముందు నీరు ఆపాలి. నల్లరేగడి నేలల్లో పగుళ్ళు ఏర్పడితే బోదెలపై మట్టిని సరిచేసి వాటిని మూయాలి. దాదాపు అదే సమయంలో పైమొక్కను నేల మట్టానికి కోసి పొలం బయటకు తరలించాలి. పురుగు ఆశించిన ఆకులను పొలంలోనే ఎండనిస్తే లార్వాలు దుంపల్లోకి దిగుతాయి.

పది రోజుల తరువాత పొలంలో వేర్వేరు చోట్ల కనీసం 10 మొక్కలను తవ్వి, దుంపను బొటనవేలితో గట్టిగా రుద్ది చూడాలి. తోలు ఊడకపోతే తవ్వకానికి సిద్ధమైనట్లు. ఊడితే రెండు మూడు రోజులు ఆగి మళ్ళీ పరీక్షించాలి.

తవ్వకం తెల్లవారుజాము నుండి ఉదయం 10 గంటల లోపు ముగించడం మేలు. రాత్రంతా చల్లబడిన నేల నుండి వచ్చే దుంప లోపలి వేడి తక్కువగా ఉంటుంది. తవ్విన దుంపను ఎండలో గాని, రాత్రిపూట ఆరుబయట గాని వదలరాదు. నీడ కోసం కోసిన పైమొక్కను దుంపలపై కప్పడం మానాలి. దానికి బదులు శుభ్రమైన వరిగడ్డిని వాడాలి.

గాయపడిన, పచ్చబారిన, పురుగు సోకిన దుంపలను ఏరివేసి, మిగిలినవాటిని గాలి ఆడే నీడలో గుట్టగా పోసి 10 నుండి 15 రోజులు ఆరనివ్వాలి. గుట్ట ఎత్తు 1.5 మీటర్లు మించరాదు. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు ఒక మీటరుకే పరిమితం చేయాలి. వెంటనే అమ్మదలచినవారు కనీసం దుంప ఉపరితలం ఆరి, లోపలి వేడి తగ్గిన తరువాత సాయంత్రం వేళ లోడు చేయాలి. లారీపై కప్పు వేసినా పక్కల నుండి గాలి ఆడే ఏర్పాటు ఉండాలి.

తప్పనిసరిగా ఆలస్యమైనప్పుడు

కూలీల కొరత, అకాల వర్షం వంటి కారణాలతో తవ్వకం మార్చిలోకి జరిగితే నష్టాన్ని తగ్గించే పనులు కొన్ని ఉన్నాయి. పొలమంతటినీ ఒకేసారి కాక, త్వరగా వేడెక్కే తేలిక నేలలున్న భాగాన్ని, పురుగు కనిపించిన భాగాన్ని ముందుగా తవ్వాలి. బోదెలపై గడ్డిని కప్పితే నేల వేడి కొంత తగ్గి, దుంపకు వెలుగు తగలదు. వర్షం పడితే నేల ఆరేవరకు తవ్వరాదు. ఆలస్యంగా తవ్విన సరుకును సకాలంలో తవ్విన సరుకుతో కలపరాదు. కుళ్ళు సోకిన కొద్ది దుంపలు మొత్తం బస్తాను చెడగొడతాయి. ఇటువంటి సరుకును నిల్వకు కాక సత్వర అమ్మకానికే కేటాయించాలి.

ఆలస్యపు పంట నుండి విత్తనం తీసి పెట్టుకోవడం మంచిది కాదు. వైరస్ తెగుళ్ళను వ్యాపింపజేసే పేనుబంక, మైజస్ పెర్సికే, ఉద్ధృతం కాకముందే పైమొక్కను తొలగించడం విత్తన పంటకు మూలసూత్రం. 100 సంయుక్త పత్రాలకు 20 పేనుబంక పురుగులు అన్నది ఇందుకు హద్దు. సీజను చివరివరకు పచ్చగా నిలిచిన పొలంలో ఈ సూత్రాన్ని పాటించినట్లు కాదు. పైగా ఆ దుంపను ఎండాకాలమంతా అక్టోబరు వరకు నిలపడానికి 2 నుండి 4 డిగ్రీల శీతల గిడ్డంగి తప్పనిసరి.

పరిశోధనకు అవకాశమున్న అంశాలు

స్నాతకోత్తర విద్యార్థులు ఈ సమస్యను క్షేత్రస్థాయి ప్రయోగంగా చేపట్టవచ్చు. నాటే తేదీలను ప్రధాన మడులుగా, తవ్వే తేదీలను ఉప మడులుగా తీసుకొని మొత్తం దిగుబడిని, అమ్మదగిన దిగుబడిని వేరువేరుగా నమోదు చేయాలి. ఈ రెండింటినీ విడదీయని ప్రయోగం ఆలస్యాన్ని లాభంగా చూపే ప్రమాదముంది. దుంప పొడి పదార్థం, కుళ్ళు, పురుగు, పచ్చదనం శాతాలతో పాటు తవ్విన 15, 30 రోజుల తరువాత నిల్వలో చెడిన శాతాన్ని కూడా లెక్కించాలి. మసికుళ్ళు వంటి తెగుళ్ళు తవ్విన రోజున పూర్తిగా బయటపడవు. ప్రతి తవ్వకం నాటి మార్కెట్ ధరను జతచేస్తే, వేచి చూడడం వలన రైతుకు కలిగే నికర ఫలితం తెలుస్తుంది.

ముగింపు

దక్కను యాసంగిలో బంగాళాదుంప తవ్వకానికి లభించే అవధి స్వల్పమైనది. తోలు గట్టిపడడం దాని ఆరంభం, నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీలకు చేరడం దాని అంతం. సకాలంలో నాటిన రైతుకు ఈ రెండింటి మధ్య తగిన వ్యవధి ఉంటుంది, ఆలస్యంగా నాటిన రైతుకు అది కొద్ది రోజులకు కుదించుకుపోతుంది. మార్కెట్ ధర ఈ అవధి లోపల ఏ రోజు తవ్వాలో నిర్ణయించవచ్చు గాని, అవధిని పొడిగించలేదు. విస్తరణ శాస్త్రవేత్తలు ఫిబ్రవరిలో తవ్వకంపై ఇచ్చే సలహాతో పాటు అక్టోబరులో విత్తనం అందుబాటుపై, జనవరిలో నేల ఉష్ణోగ్రత నమోదుపై శ్రద్ధ వహిస్తే రైతు పండించిన దుంపలో ఎక్కువ భాగం అమ్మకానికి యోగ్యంగా నిలుస్తుంది.